కండక్టర్ పండుకున్న నెల

హలో… ఆ, నేనే, డాక్టర్ సాబ్. జడ్చర్ల పోస్టాఫీసుకెల్లి మాట్లాడుతున్న. ఉప్పలమ్మను…

మా ఇంటాయన మీకు యాదికుంటడు. బస్సు కండక్టర్… పేరు నేనెట్ల చెప్త, మొగని పేరు… ఆ, ఆయిననే. సీట్ల నడుమ ఇరికినాయన.

బరువు తగ్గలేదు సాబ్. నెల దినాలాయె, మీరు చెప్పినట్టే చేస్తుండు. పండుకుంటుండు…

ఆ, పండుకుంటుండు. మీరే అన్నరంట గద, మనిషి ఊకె పండుకున్నా పానం నిలుపుకోనీకె పెయ్యి రోజుకు పదహారు వందల క్యాలరీలు కాలుస్తదని… పండుకుంటెనే గన్ని కాలుతుంటె లేచి తిరుగుడెందుకని సెలవు పెట్టిండు.

లే, తిండి తగ్గియ్యలే. పండుకుంటె ఆకలి బాగైతాందట… పొద్దుగాల నాలుగు జొన్న రొట్టెలు. మళ్ల పదింటికి మూడు…

నిన్న రైలు స్టేషన్ల సామాన్లు తూచే కాంటా మీద నిలబెట్టిన. తొంభై నాలుగు కిలోలు… మీ తాన తొంభై ఒకటే ఉండె. వచ్చే సోమవారం డిపోల చూస్తరు. సీట్ల నడుమ పట్టకుంటె నౌకరి తీస్తమన్నరు. నాకు గదే ఫికర్.

… జర మెల్లగ చెప్పుండ్రి.

… ఆ. పెయ్యిల పొయ్యి మండేది నిజమే… గాని మండేదానికంటె కట్టెలు ఎక్కువ పెడుతున్నమంటరు. మిగిలింది పెయ్యికి పడుతాంది… సమజైంది. నడిస్తె, బరువు మోస్తె ఇంకా కాలుతది… గిది ఆయినకు చెప్పలేదా?

… చెప్పిన్రా. సగమే ఇన్నడు.

నేనా?… బాగనే ఉన్న. పోయినం గదా అని నేను గూడ కాంటా ఎక్కిన. నలభై… ముందుగాల నలభై నాలుగుంటి.

… ఆయిన నీళ్లు తెస్తుండె, కట్టెలు కొడుతుండె. ఇప్పుడన్నీ నేనే… ఆయిన తిన్నంక మిగిలింది తింట. ఒక్కోపారి మిగలదు.

… ఇరవై రెండు వందల క్యాలరీలా? నాకా?

… పండుకున్నాయనకంటె ఎక్కువనా?

… సాబ్, గది కాయిదం మీద రాసి పంపుండ్రి… ఆయిన సంగతి వద్దు. ఉప్పలమ్మ రోజుకు గింత తినాలె అని, కింద మీ దస్కతు, ముద్దర… సదువొస్తది ఆయినకు. రాతల ఉంటెనే నమ్ముతడు.

ఆ… టైమైందంటుండు పోస్టుమాస్టరు… ఆ, పోంగనే ఆయినను లేపి నీళ్లకు బాయికి తోలుత. ముందుగాల నేను తింట. ఫోన్ పెడుతున్న.