నిచ్చెనెక్కిన టైలరు

ఈతకొలనులో దూకే బల్ల మీదికి ఎక్కిన తొమ్మిదేళ్ల కూతురు కిందికి దిగలేక ఏడుస్తుంటే, ఒడ్డున కూర్చున్న టైలరు గుండె చిక్కబట్టుకుని నిచ్చెనెక్కి ఆమె పక్కకు చేరాడు.

"నాన్నా, నువ్వెందుకెక్కావు? స్టూలెక్కితేనే నీకు కళ్లు తిరుగుతాయిగా!"

"నువ్విక్కడున్నావుగా, తల్లీ."

"భయం వెయ్యలేదా?"

"వెయ్యకేం! చేతులు చూడు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించమంటే నా వల్ల కాదు."

"మరి ప్రార్థన చేసుకోలేదా?"

"మెట్టుమెట్టుకీ చేశాను. భయం తీసెయ్యి ప్రభువా అన్నాను. తియ్యలేదు. పోనీ, తోడొచ్చి పైకెక్కించు అన్నాను."

"వచ్చాడా?"

"రాకపోతే నేనిక్కడిదాకా వస్తానా?"

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "సరే, ఇప్పుడు దిగడం ఎలా?"

టైలరు కిందికి చూసి గబుక్కున కళ్లు మూసుకున్నాడు. "అదేనమ్మా... ఎక్కించమనే అడిగాను. దింపమని అడగడం మర్చిపోయాను."

కూతురు పకపకా నవ్వింది. "అయితే ఇద్దరం కలిసి ఇప్పుడడుగుదాం. ఆమేన్ అన్నాక ముందు నువ్వు దిగు. కళ్లు తెరవకు, మెట్టు ఎక్కడుందో నేను పైనుంచి చెబుతాను."

"నువ్వు దిగగలవా మరి?"

"నా సంగతి తర్వాత నాన్నా!" ఇద్దరూ కలిసి అడిగి ఆమేన్ అన్నారు. "ఊఁ, ఎడంకాలు కిందికి... ఇంకొంచెం... భలే!"

నాన్న పాదం నేలకు తగిలేదాకా ఆ గొంతు ఆగలేదు. ఆ వెనకే తనూ దిగిపోయింది.