చెవిలో వేపపుల్ల

తిరుత్తణి పక్క పల్లెలో, పొద్దున్నే ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. భర్త పనికి బయలుదేరుతూ ఆగాడు.

“ఏమే, నీ కమ్మలు ఇయ్యి. కుదవ పెట్టి బండికి అడ్వాన్స్ కడతా. మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు.”

“పట్టాభిరాంలో నీ పనికి పోను రైలు ఉండాది గదా బావా.”

“స్టేషన్‌కి నడిచిపోయేది నేనొక్కడే. కమ్మలు యాడ పెట్టినావు?”

“నా చెవులు చూడు.”

“వేపపుల్లలా? ఎప్పట్నించి?”

“ఆడి నెల నించి, అదే ఆషాఢం నించి. ఫైనాన్స్ వాళ్లు వాకిట్లో అరిచిపోయిన మర్నాడే అమ్మి, నీ పాత అప్పు కట్టేసినా.”

“నాకు చెప్పలేదే!”

“వాళ్లు మళ్లీ రాలేదని సంతోషపడినావు. ఎందుకు రాలేదని అడిగినావా? ఈ నెల నించి ఐదునూర్లు పోస్టాఫీసులో కడదాం. బండి సొంత డబ్బుతో కొనుక్కుందువు.”

అతను బండి షోరూం వాళ్లిచ్చిన కాగితాన్ని జేబులోంచి తీసి చింతగింజల పక్కన పెట్టాడు. అన్నం క్యారియర్ తీసుకుని స్టేషన్ వైపు నడిచాడు.