మధ్య అరలోని పన్నెండు ఎలుకలు

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరు గారికి, ముందు వరసలో కూర్చున్న మా పెద్దసారుకి (సారూ, వినపడుతోందా? మిషను చెవిలో ఉందా, జేబులోనే ఉందా?), ల్యాబుల్లో పని ఆపుకుని వచ్చిన డాక్టర్లకి, డాక్టర్లు కాబోతున్న పిల్లలకి, నాతోపాటు బోనులు కడిగి చేతులు అరగదీసుకున్నవాళ్లకి, ఇన్నేళ్లలో మొదటిసారి ఈ హాల్లో కాలుపెట్టిన మా ఆయనకి, అందరికీ నమస్కారం.

ముప్పై మూడేళ్లలో ఈ భవనంలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరికీ నేను ఎలుకల పిన్నిని. మొదట్లో ఒళ్లు మండేది. ఓసారి మా ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి నా పేరు చెబితే, 'అలాంటివాళ్లెవరూ ఇక్కడ లేరండీ' అని పెట్టేశారట. సాయంత్రం ఇంటికెళ్లేసరికి, రోజూ ఎక్కడికి పోతున్నావని ఒకటే నిలదీత! (నవ్వులు) ఆ తర్వాత నేనే సర్దుకున్నాను.

ఇందాక డైరెక్టరు గారు నా గురించి చెబుతుంటే, ఎవరి గురించబ్బా అని పక్కకి చూశాను. 'పిన్నిగారి నిశితమైన చూపు' అన్నారు. ఆ చూపు వల్లే పదకొండేళ్ల కిందట ఈ సంస్థలో ఓ పెద్ద పరిశోధన మొదలైందన్నారు. ప్రశంసాపత్రంలోనూ అదే అచ్చు వేయించారు. మా కోడలు నాకో చక్కటి ప్రసంగం రాసిచ్చింది, దణ్ణాలూ ధన్యవాదాలూ అన్నీ సరైన చోట పెట్టి మరీ. అమ్మాయ్, ఏమనుకోకు, అది చదవడం లేదు. ఇంకో మాట చెప్పాలి, అది చెప్పకుండా ఈ మెట్లు దిగలేను.

మా ఆయనలాంటి వాళ్లకి ముందు సంగతేంటో చెబుతాను. మా పెద్దసారు ల్యాబులో చూసేది లివర్. చిట్టెలుకకి లివర్ మూడింట రెండొంతులు కోసి తీసేసినా, మిగిలిన ముక్క వారం పదిరోజుల్లో పెరిగి మళ్లీ మునుపంత అవుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు వీళ్లు నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. కోసినచోట వేడి పుడుతుంది, వాపు వస్తుంది, ఒంట్లో కాపలా కాసే కణాలన్నీ అక్కడికి పరుగెత్తుతాయి. దాన్ని వీళ్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. అప్పట్లో మా ల్యాబులో ఈ వాపుని ఓ పీడలాగే చూసేవాళ్లు, ఎంత తొందరగా వదిలితే అంత మంచిదని.

అప్పుడు కొత్తగా ఓ అమ్మాయి చేరింది, మనిషికన్నా కళ్లజోడు పెద్దది. అదుగో నాలుగో వరసలో ఉంది. ఇప్పుడు పెద్ద డాక్టరే గానీ, నాకు మాత్రం కళ్లజోడమ్మాయే. తను ముప్పై ఆరు ఎలుకలకి ఆపరేషన్ చేసి, అరకి పన్నెండు చొప్పున మూడు అరల్లో పెట్టింది. ఏ రోజుకి లివర్ ఎంత పెరిగిందో లెక్కగట్టాలి, అదీ పని.

ఆ సాయంత్రం నేను వెళ్లి చూద్దును కదా, పాపం అన్నీ ముడుచుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకుని కూర్చున్నాయి. నొప్పికి ఇవ్వాల్సిన మందు ఇచ్చారు, రాసి ఉంది, సంతకమూ ఉంది. అయినా నాకు మనసు ఆగలేదు. నా సంచిలో మోకాళ్ల వాపుకి మా డాక్టరు రాసిన మాత్రలున్నాయి. నాకు పనిచేసింది వీటికి ఎందుకు పనిచెయ్యదు అనుకున్నాను. ఏం తెలివో! మాత్రలు నూరి నీళ్ల సీసాల్లో కలిపేశాను. మధ్య అరకే ఎందుకంటారా, ఆ మోకాళ్లతో కింది అరకి వంగలేను, పై అరకి స్టూలెక్కలేను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. మిగతాది విన్నాక నవ్వరు.

మొదటి నాలుగు రోజుల్లో పై అర ఎలుకల లివర్ పెరిగింది, కింది అరవాటిదీ పెరిగింది, మధ్య అరవాటిది పెరగలేదు. పెద్దసారు అంతెత్తున లేచారు. ఆపరేషన్ సరిగ్గా చెయ్యలేదని, లెక్కలు తప్పని ఆ పిల్లని అందరి ముందూ కడిగేశారు. అది మా గదికొచ్చి దాణా బస్తా మీద కూర్చుని, 'ఈ పని నాకు చేతకాదేమో పిన్నీ, మానేసి వెళ్లిపోతాను' అని వెక్కివెక్కి ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. నోరు మాత్రం విప్పలేదు. తొమ్మిది రోజులు విప్పలేదు. మా ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నాడప్పుడు, ఇల్లు నడిచేది నా ఉద్యోగంతోనే. అది నిజమే, కానీ దాన్నే సాకు చేసుకున్నానన్నదీ నిజమే.

పదో రోజు ఉండబట్టలేక వెళ్లి పెద్దసారుకి చెప్పేశాను. బల్ల గుద్దితే పెన్నులన్నీ కిందపడ్డాయి. తర్వాత ఆయనే లేచి తలుపు వేసి, 'ఇది బయటికొస్తే రేపే నిన్ను పంపించేస్తారు, ఇంకెక్కడా ఈ మాట ఎత్తకు' అన్నారు. వేరే ప్రయోగానికి వాపు మందు కలిపి ఉంచిన సీసాలు పొరపాటున మధ్య అరలోకి వచ్చాయని, ఎలుకల పిన్ని చూసి కనిపెట్టిందని రిపోర్టు రాశారు. సీసాలు ఎవరు మార్చారో రాయలేదు. రాయాల్సిన పనేముంది? మందు సీసాలు ముట్టుకునేది పరిశోధన చేసేవాళ్లే. అందరూ ఆ పిల్ల వంకే చూశారు. చివరికి ఆ పిల్ల కూడా, 'నేనే పెట్టి ఉంటాను' అని నమ్మేసింది. తన ఫైల్లో 'అజాగ్రత్త' అని ఓ మాట పడింది.



మానేస్తానన్న పిల్ల మానలేదు. వాపు తగ్గితే లివర్ పెరగడం ఎందుకు ఆగిందని పట్టుకుంది. ఆ కాపలా కణాలు గాయం శుభ్రం చెయ్యడమే కాదు, మిగిలిన ముక్కకి 'ఇక పెరుగు' అని కబురు కూడా అవే అందిస్తాయని తేల్చింది. మొదట్లోనే వాపుని అణిచేస్తే కబురు అందదు, మరీ ఎక్కువకాలం ఉండనిస్తే లివరే పాడవుతుంది. ఎప్పటిదాకా ఉండనివ్వాలి, ఎప్పుడు తగ్గించాలి, పదకొండేళ్లుగా ఇదే పని. ఎదుటి ఆసుపత్రిలో లివర్ కొంత తీసేసిన మనుషుల మీద ఇప్పుడు ఆ పరిశీలన మొదలుపెట్టాలి. మొదలుకావాలంటే ఈ అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం ఖాయం కావాలి. ఆ నిర్ణయం సోమవారం.

పోయిన మంగళవారం నా దగ్గరకొచ్చి చెప్పింది, ఆ ఉద్యోగం సంగతి తేల్చే కమిటీవాళ్లు ఆ పాత ఫైలు తీసి సీసాల సంగతి అడిగారట. 'నా తప్పేనని ఒప్పుకున్నాను పిన్నీ' అంది. తన థీసిస్ మొదటి పేజీలో నాకు ధన్యవాదాలు చెప్పుకుంది, తన పొరపాటు పట్టుకున్నానని! ఆ పేజీ ఫ్రేము కట్టించి మా ఇంట్లో గోడకి పెట్టుకున్నాం. నాలుగు రోజులుగా ఆ గోడ వైపు చూడటం మానేశాను.

సారూ, మీరు నన్ను కాపాడాలనే అలా రాశారు, మీ మేలు మరిచిపోను. కానీ నా ఉద్యోగం నిలబెట్టడానికి ఆ పిల్ల మంచిపేరు తీసుకున్నాం మనిద్దరం. డైరెక్టరు గారూ, జరిగినదంతా ఈ కాగితంలో రాశాను, సంతకం చేశాను. నా మీద ఏం చర్య తీసుకున్నా సరే, ఈ ప్రశంసాపత్రం వెనక్కి తీసేసుకున్నా సరే, సోమవారంలోగా ఇది తన ఫైల్లో ఉండాలి.

(డైరెక్టరు గారు కాగితం అందుకున్నారు. పెద్దసారు లేచి నిలబడ్డారు.)

ఏంటి సారూ? మీరూ సంతకం పెడతారా? పెన్ను ఇవ్వండమ్మా ఎవరైనా. మెల్లగా ఎక్కండి, మెట్టుంది.

(చప్పట్లు)

ఇక నువ్వు, కళ్లజోడమ్మాయ్. నన్ను క్షమించమని ఇక్కడ అడగను. ఇంతమంది ముందు అడిగితే కాదనలేవు, అది మళ్లీ నిన్ను ఇరకాటంలో పెట్టడమే అవుతుంది. ఇంటికి రా, తలుపులు వేసుకుని నీ ఇష్టం వచ్చినంతసేపు తిట్టు. మా ఆయన్ని బయటికి పంపించేస్తాను.

ఏంటమ్మా, లేచావు? అటు మైకు ఇవ్వండి... మైకు అక్కర్లేదా, సరే గట్టిగా చెప్పు. ఎన్నిరోజులు కలిపానా? మూడు రోజులు. నాలుగో రోజుకి మాత్రలైపోయాయి, నాకే లేవు. చూశారా, ఏడుస్తూనే పుస్తకం తీసి రాసుకుంటోంది!

ఏంటీ? మధ్య అర ఐదో రోజు నుంచి ఎందుకు పెరగడం మొదలెట్టిందో ఇన్నేళ్లూ అర్థం కాలేదా? వారమంతా మందు తాగాయనుకున్నావా? లేదమ్మా, మూడు రోజులే. అంటే మందు ఆగాక మళ్లీ అందుకున్నాయన్నమాట. అయితే మొదట్లో ఆ మందు వేసేసిన మనిషికైనా, ఆపేస్తే లివర్ పెరుగుతుందంటావా? చెప్పలేం, చూడాలంటావా? చూడు తల్లీ. సోమవారం నుంచి అదే చూడు.

ఇంతసేపు నా మాటలు ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. సీసాకి ఎన్ని మాత్రలు నూరానో చెప్పమంటోంది ఈ పిల్ల, అక్కడినుంచి అరవలేక వేదిక దగ్గరకే వచ్చేస్తోంది. నేనే దిగి తన పక్కన కూర్చుని, గుర్తున్నంతవరకు అంతా చెబుతాను. సెలవు.