ఈకల బొంత కింద బీరు

చెనెక్ మామ నోరు తెరిచాడంటే బోజెనా బీరు కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆయన కథలు నిలబడి వినేంత చిన్నవి కావు మరి. నలభై ఏళ్లు ఊరి బీరు కార్ఖానాలో పీపాలు కడిగిన మనిషి. కార్ఖానా మూతబడి పన్నెండేళ్లయింది, ఇప్పటికీ అక్కడి బీరంతా తన చేతి మీదుగానే తయారైనట్టు మాట్లాడతాడు.

బోజెనా నడిపే ఆ బీరుకొట్లో కిటికీ పక్క గోడకి మూడు మేకులున్నాయి, వాటికి మూడు మట్టి మగ్గులు. ఏళ్ల తరబడి రోజూ వచ్చేవాళ్లకే ఆ మేకు దక్కుతుంది. ఒకటి చెనెక్‌ది, ఒకటి హైనెక్‌ది, మూడోది తాపీమేస్త్రీ డాలిబోర్‌ది. మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే మగ్గు కింద ఉండే అట్టముక్క తీసి మగ్గు మీద బోర్లించి వెళతారు. అది ఉంటే మనిషి తిరిగొస్తాడని అర్థం, ఆ మగ్గుని బోజెనా కూడా ముట్టుకోదు.

కిందటి వారం హైనెక్ నోరు ఊరుకోలేదు. కార్ఖానాకి పీపాలు చేసిన వడ్రంగి ఆయన. "పీపా కడగడం వేరు, బీరు కాచడం వేరురా అబ్బాయ్," అన్నాడు. చెనెక్ మామకి ఒళ్లు మండిపోయింది. పట్నం నుంచి ఇంట్లో బీరు కాచుకునే సరంజామా తెప్పించాడు: ఒక మూత బకెట్టు, ఒక గొట్టం, మొలకెత్తిన బార్లీతో చేసిన చిక్కటి మాల్టు పాకం డబ్బా. "నవంబరులో మార్టిన్ పండగకి నా చేతి బీరు మీకు పోస్తాను. బాగాలేకపోతే నా మగ్గు మేకు మీంచి తీసెయ్యండి," అని బల్ల గుద్దాడు. హైనెక్ వెంటనే చెయ్యి కలిపాడు.

పండగ ఇంకా నాలుగు వారాలుంది. బయట సన్నగా వాన. ఆ సోమవారం సాయంత్రం చెనెక్ మామ వస్తూనే ఖాళీ అయిన పాకం డబ్బా, దాని ప్లాస్టిక్ మూత బోజెనా చేతిలో పెట్టాడు. "చెక్క గరిటెలు పెట్టుకోవే," అని తన కుర్చీలో కూలబడ్డాడు.

"పెద్ద గొప్పేం కాదనుకో," అని మొదలుపెట్టాడు. గొప్పేం కాదన్నాడంటే ఊరు మునిగేంత గొప్పేదో వస్తోందని అక్కడ అందరికీ తెలుసు.

"నిన్న మధ్యాహ్నం బాతు, క్యాబేజీ, పిండి ఉండలు సుష్టుగా తిని, బకెట్లో పాకం పోశాను, వేణ్ణీళ్లు పోశాను, పంచదార, చన్నీళ్లు, కలిపాను, మూత బిగించాను, అంతే. అది ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా?"

"ఎలా చెయ్యాలో కాగితం ఇచ్చి ఉంటారే, చదివావా?" అన్నాడు డాలిబోర్.

"కాగితమా! నలభై ఏళ్లు ఆ గాలి పీల్చినవాణ్ణి, నాకు కాగితం చెప్పాలిట్రా? పొయ్యిలోకి పోయింది కాగితం. విను. మా అమ్మ కుట్టిన ఈకల బొంత తీశాను. మీ ఇళ్లలో ఉడికిన అన్నం గిన్నె బొంతలో చుట్టి మంచంలో పెట్టరూ? రొట్టెపిండి పొంగడానికి పెట్టరూ? బీరు ఏం పాపం చేసింది? బకెట్టుకి బొంత చుట్టి మంచమెక్కించాను. అరవై బాతుల ఈకలు, అంటే మాటలా!"

"మొన్న నలభై అన్నావు," అన్నాడు హైనెక్.

"మొన్న చలి తక్కువగా ఉంది. దాని పక్కనే నేనూ పడుకున్నాను, బొంతకి చెవి ఆనించి. వాన చూరు మీద టపటపా పడుతోంది. ముందు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత లోపల్నించి గుర్రుమని మొదలైంది..."

"అది నీ గురకేరా!"

"నా గురక నాకు తెలీదా? ఇది వేరు, తియ్యగా ఉంది. బొంత పొంగడం మొదలెట్టింది. దిండంత పొంగింది, గడ్డివామంత పొంగింది, కప్పు తగిలింది. మంచం కోళ్లు నేల వదిలేశాయి. కిటికీ చూస్తే చిన్నది. 'అమ్మా బొంతా, కాస్త పక్కకి ఒత్తిగిల్లు' అన్నాను. ఒత్తిగిల్లింది! నేనూ మంచమూ బకెట్టూ బయటపడ్డాం."

డాలిబోర్ నూనెలో ఊరిన జున్ను ముక్క నోటి దాకా తెచ్చి అలాగే పట్టుకున్నాడు. బోజెనా నవ్వుతూ డబ్బా కడగడానికి లేచింది.

"చర్చి గంట నా కాలికింద. బీరుకి చేదునిచ్చే హాప్స్ తోటల్లో కోతలైపోయి ఒట్టి ఇనప తీగలే కదా, గాలికి అవన్నీ జోలపాడుతున్నాయి. చెరువు మీదికొచ్చేసరికి బకెట్టు మూత సందులోంచి ఒక్క చుక్క జారింది. ఒక్క చుక్కేరా! చెరువులో చేపలన్నీ తలలు బయటపెట్టి వరసకట్టాయి. పెద్ద చేప ఒకటి అడిగింది, 'చెనెక్ గారూ, ఇంకో చుక్క ఉందా' అని."

"గారూ అందా?" అన్నాడు హైనెక్.

"చేపలకి మర్యాద తెలుసు, మనుషులకే లేదు."

కుళాయి కింద బోజెనా చెయ్యి ఆగిపోయింది. తిరగేసిన ప్లాస్టిక్ మూతలో, అంచుకి ఇరుక్కుని, వేలెడు పొట్లం ఒకటి ఉంది. విప్పలేదు, చిరగలేదు. దాని మీద అచ్చుగుద్ది ఉంది: ఈస్టు.

ఆమెకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. కార్ఖానాలో ఈస్టు గది తాళం బీరు కాచే పెద్దాయన దగ్గరుండేది, పీపాలు కడిగేవాళ్లని గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. పాకంలోనే అన్నీ ఉంటాయనుకున్నాడు పిచ్చి మామ. ఈస్టు లేకపోతే పాకం పులవదు, అది బీరు ఎప్పటికి కావాలి? నాలుగు వారాలు బొంత కప్పినా పాడైన పంచదార నీళ్లే. ఇప్పుడు చెబితే ఈ ఇద్దరూ ఆయన్ని చచ్చేదాకా ఏడిపిస్తారు. చెప్పకపోతే పండగనాడు ఆ మగ్గు మేకు మీంచి దిగుతుంది. మగ్గు లేని సాయంత్రాలు ఆయన ఎక్కడ గడుపుతాడు? పొట్లం ఏప్రన్ జేబులో వేసుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" చెనెక్ మామ గొంతు తగ్గింది. "కార్ఖానా పొగగొట్టం మీదికొచ్చాను. వంగి లోపలికి చూశాను. అడుగున ఇంకా ఆ వాసన ఉందిరా, వేగిన మాల్టు వాసన. చూస్తుండగానే పొగ లేచింది. కింద అందరూ ఉన్నారు, చచ్చిపోయినవాళ్లు కూడా, తెల్ల ఏప్రన్లు కట్టుకుని. బీరు కాచే పెద్దాయన తలెత్తి చూశాడు. తన ఏప్రన్ విప్పి నాకు కట్టాడు. 'చెనెక్, ఇవాళ కాచేది నువ్వు. పీపాలు మేం కడుగుతాం' అన్నాడు."

ఇది కోతలు కొయ్యడం కాదు, కల అని బోజెనాకి తెలిసింది. బకెట్టు పక్కన చెవొగ్గి పడుకుని, ఏ చప్పుడూ రాక, వాన వింటూ నిద్రపోయాడు. జీవితమంతా కోరుకున్నది ఆ నిద్రలో దొరికింది. అందుకే ఇవాళ ఇంత ఆనందంగా ఉన్నాడు.

కథ మెత్తబడిందనిపించిందేమో, చెనెక్ మామ మళ్లీ గొంతు పెంచాడు. "దిగుదామనుకునేలోగా దక్షిణానికి పోయే బాతులు అడ్డమొచ్చాయి. అరవై! 'మా ఈకలు మాకిచ్చెయ్' అని ఒకటే గోల. ఒక్కో ఈకా పేరుపేరునా అప్పగించాను. బొంత పలచబడింది, నేను మెల్లిగా మా పెరట్లో వాలాను. మూత తీస్తే పైన మబ్బు వంగి సగం బకెట్టు తాగేసింది. ఇప్పుడు కురుస్తున్నదేమిటనుకున్నావు? పోయి నాలిక చాపి చూడు!"

డాలిబోర్ నిజంగానే లేచి వెళ్లి గుమ్మంలో నాలిక చాపాడు. "నీళ్లే మామా."

"ముందొచ్చింది బీరు. నువ్వు ఆలస్యం చేశావు."

హైనెక్ లేచి గొడుగు తీశాడు. "సరే, పదరా. మిగిలిన సగం బకెట్టు ఉందిగా. గుర్రుమంటోందో లేదో మేమూ చెవి పెట్టి వింటాం."

చెనెక్ మామ మొహంలో రంగు పోయింది. "ఇప్పుడా? అది... పడుకుంది."

"ఒక్క బుడగైనా వచ్చిందా? నిజం చెప్పు."

ఆయన మగ్గు వంక చూశాడు. బల్ల మీద తడిని వేలితో అటూ ఇటూ రాశాడు.

ఇక బోజెనా ఆగలేకపోయింది. వచ్చి పొట్లం ఆయన ముందు పెట్టింది. "మామా, నువ్వు ఎగిరావు, మంచం ఎగిరింది, బాతులు ఎగిరాయి. బీరుని పొంగించే ఈస్టు మాత్రం ఎక్కడికీ ఎగర్లేదు. డబ్బా మూతలోనే కూర్చుంది."

డాలిబోర్ జున్ను కక్కేంత పని చేశాడు. హైనెక్ గొడుగు వదిలేసి బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. "అరవై బాతుల బొంత! పంచదార నీళ్లకి చలేస్తుందని కప్పాడురా!"

చెనెక్ మామ నవ్వలేదు, కోప్పడలేదు. పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. "దీన్ని... నేను వెయ్యొచ్చా?" అని అడిగాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"నువ్వే వెయ్యాలి," అంది బోజెనా. "నిన్న మధ్యాహ్నమేగా మూసింది? చెడిపోయి ఉండదు. గోరువెచ్చగా ఉందో లేదో చూసి వెయ్యి. పరిగెత్తు."

ఆయన పరిగెత్తాడు. టోపీ కొక్కేనికే ఉండిపోయింది. సగం తాగిన మగ్గు బల్ల మీదే ఉండిపోయింది. ఆ మనిషి బీరు సగంలో వదిలి వెళ్లడం బోజెనా ఇన్నేళ్లలో చూడలేదు. అట్టముక్క పెట్టడం కూడా మర్చిపోయాడు.

డాలిబోర్ ఆ మగ్గు వైపు చెయ్యి చాపాడు. హైనెక్ ఆ చెయ్యి మీద చిన్నగా ఒకటేసి, తన మగ్గు కింది అట్టముక్క తీసి, చెనెక్ మగ్గు మీద బోర్లించాడు.