కసువు కాల్చనియ్యను

"అవ్వా, తాత అడిగి రమ్మన్నాడు. చేన్లో పోయిన పంట కసువు ఎప్పుడు కాలుస్తావంట?"

ఏందీ, కాల్చేదా? కూర్సో పాపా, ఈడ కూర్సో. ఆ ఫోన్లో రికార్డు పెట్టు, మీ తాతకి నా గొంతే వినిపిద్దువు. మా ఆయన అన్న గదా అని ఇన్నాళ్ళూ బావా బావా అని మర్యాదగానే సెప్పినా.

నేను ఆఫ్రికాకి పోయొచ్చింది ఎరుగుదువు గదా? మన ఆడోళ్ళ సంఘం తరపున పంపినారు, మలావీ అనే దేశానికి. ఆడి సిన్న రైతులతో కలిసి మందుల్లేని సేద్యం నేర్చుకోని రమ్మని. అప్పటిదాకా తడ దాటి మద్రాసు, అంతే నాకు తెలిసిన లోకం. మా ఆయన బతికుంటే పోనిచ్చేవాడు కాదు. కాదులే, నాలుగు తిట్టి పోనిచ్చేవాడే, పాపం.

ఆడ మేరీ అని నా ఈడు ఆమె ఇంట్లో ఉన్నా. వాళ్ళూ సంగటే తింటారు పాపా! తెల్లగా ఉంటాది, మొక్కజొన్న పిండిది. ఊరికే తింటా కూర్సుంటే ఏం బాగుంటాదని, పొద్దున్నే లేసి ఆమె సేన్లో కోత అయినాక మిగిలిన మొక్కజొన్న దంట్లన్నీ ఊడ్సి కుప్పేసినా. మన ఊళ్ళల్లో సేను నున్నగుంటేనే గదా ఆడది పనిమంతురాలనేది? అగ్గిపెట్టె అడిగినా. అంతే, మేరీ పరిగెత్తుకోనొచ్చి కుప్ప మీదెక్కి నిలబడింది! ఏమేమో అనింది. ఒక్క మాట అర్థం కాలా, తిట్లని మాత్రం బాగా తెలిసింది. మళ్ళా సెయ్యి పట్టుకోని తీస్కపోయి, పక్క మడిలో దంట్లు ఇంకా పరిసుండే జాగాలో నా వేళ్ళు మట్టిలోకి దూర్సింది. పైన అంత ఎండ, లోపల సల్లగా, తడిగా ఉండాది. నేను ఊడ్సిన జాగా మాత్రం మధ్యాన్నానికే ఎండకి బిగిసి, గోరు గూడా దిగలా. నాకు కోపమొచ్చింది పాపా, ఊడ్సు ఊడ్సు అని నాకు నేర్పినోళ్ళందరి మీదా.

ఇప్పుడు నా సేన్లో కసువు పరిసుంటే మీ తాతకి పరువు పోతాదంట. కాల్చకపోతే సేను లాక్కోని సరుగుడు వేసేవాళ్ళకి కౌలుకిస్తాడంట. మా ఆయన వాటా అది. నేను సెనక్కాయ యాడ వేసుకోవాల, మీ తాత నెత్తినా?

మొన్న అగ్గిపెట్టె తీసుకోనొచ్చినాడు, నీకు సెప్పలేదా? సెప్పడులే. పోయి కసువు నడిమధ్యన నిలబడినా, మేరీ మాదిరే. "అంటించు బావా" అన్నా. అగ్గిపెట్టె జేబులో ఏసుకోని ఎల్లిపాయ. మళ్ళొస్తే మళ్ళా నిలబడతా.

సల్లగుండు తల్లీ, మంచిగా సదువుకో. ఆగాగు, పోతా పోతా ఆ కసువు పక్కకి తీసి మట్టిలో వేళ్ళు దూర్సి సూడు. సెయ్యి కడుక్కోబాక. అట్నే పోయి మీ తాతకి సూపించు.