రాతి వెనక నాచు

సునామీ తర్వాత మూడో వసంతం. జపాన్‌లోని సన్రికు తీరంలో ఒక చిన్న రేవు. అక్కాతమ్ముళ్లు పడవలో కూర్చుని తాళ్లకు పెంచిన వకామె అనే తినే సముద్రపు నాచు కోస్తున్నారు.

"ఇదీ ఒక నాచేనట్రా? కాడ పొట్టి, ఆకుకి లోతైన చీలికలే లేవు."

"దక్షిణం నుంచి తెచ్చిన విత్తనం కదక్కా. మన చన్నీళ్లకి మారుతుందనుకున్నాం."

"ఎందుకు మారుతుంది? ఆ రూపం పుట్టుకతో వచ్చింది. మీ బావ బతికున్నప్పుడు ఎన్నిసార్లు చెప్పలేదు?"

"మన పాత విత్తనమంతా అలలో పోయిందిగా. ఏం చేస్తాం?"

"పోలేదు. పెద్దరాతి వెనక పదకొండు మొక్కలున్నాయి, అచ్చంగా మనవే. ఎవరైనా కోసుకుపోతారని నీక్కూడా చెప్పలేదు. వేసవిలో వాటి మొదళ్ల నుంచి విత్తనం తీసి తాళ్లకి పట్టిస్తాను."

తమ్ముడి చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"అవి నేను కోసేశానక్కా. నీకు ఇష్టమని, మొదళ్లతో సహా."

"ఎప్పుడు?"

"మొన్న బావ సంస్మరణ నాడు. ఆ రోజు మిసో చారులో వేసింది అవే."



"మీ బావ పెంచిన నాచులా ఉందని ఏడ్చుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాను కదరా."