నీలం డ్రమ్ముల చెట్లు

గోపమ్మను గట్ల వాపస్ పంపిస్తరా ఎవరన్న? పొద్దుగాల్నే శంకర్‌పల్లి దిక్కు ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి, మొయినాబాద్‌ల దిగి, ఆడికెళ్లి ఆటోల వచ్చింది ఆమె. నెత్తి మీద గంపల టమాట నారు, కొంగున కట్టుకున్న పసుపు కుంకుమ. "పొలానికి రాకుంటె మాయె హన్మంతన్నా, జర నారును ముట్టియ్యి సాలు" అన్నది. ముట్టినవా నువ్వు? "నా చెయ్యి మంచిగ లేదమ్మా, ఇంకెవర్నన్న చూస్కో" అని లోపటికొచ్చి కూసుంటివి.

ఆమె మొగం చూసినవా? మొగడు పోయిన కాన్నుంచి ఆమె ఏ పంట పెట్టినా మొదటి మొక్క నీ చేత్తోనే పెట్టిపిచ్చుకున్నది. నేను చాయ పోస్తె తాగలే. గంప ఎత్తుకోని మల్ల గేటు దాటి పోయింది.

ఏందయ్యా, ఏమున్నది ఆ చేతులల్ల? పొద్దటి నుంచి బోర్లేసి చూస్తవ్, మల్ల ఎల్లకిల తిప్పి చూస్తవ్. జొన్నరొట్టె చల్లగైంది. పచ్చిపులుసు మీద ఈగలు ముసురుతున్నయ్. తిను జర.

ఏంది? అగో, మల్ల అదే మాట! సంగయ్య పాడె మోసిన, సరిగ్గ తానం చెయ్యకుండ చెట్లు ముట్టిన, అందుకే ఎండినయ్ అంటవ్. నేను నీ ఈపు రుద్దిన గదయ్యా ఆ రోజు! సబ్బు పెట్టి రుద్దిన. నిన్ననేమో మంగళారం తవ్విన అంటివి. మొన్ననేమో ఎవరిదో దిష్టి అంటివి. నెలకాడికొచ్చింది, దినానికొక్క కారణం ఎతుకుతున్నవ్.

చెట్లు పోయినయ్. ఔ, పోయినయ్. గని అవి ఏం చెట్లు? ఒక్కసారి నోరు తెర్సి పేరు చెప్పు. సార్ చెట్లు, సార్ చెట్లు అంటవ్ గని పేరు నీ నోట్లకెళ్లి రాదు. నేను చెప్తున్న, ఇను. గంజాయి. ఇగ ఎందుకు అటు ఇటు చూస్తవ్? ఈడెవరున్నరు ఇనేటోళ్లు, మనమిద్దరమే ఉన్నం.

ఈ ఫాంహౌస్ గల్ల గోవర్ధన్ సార్ ఆ గింజలు తెచ్చిన నాడు ఏమన్నడు? ఫారిన్ మందు మొక్కలన్నా, నడుం నొప్పులకు పనికొస్తయ్ అన్నడు. నువ్వు తలకాయ ఊపితివి. మాదాపూర్ల కంప్యూటర్ల ముంగట కూసునేటోళ్లకు నడుం నొప్పులే గద అని నేను గూడ అనుకున్న. గని నాలుగాకులు ఎయ్యంగనే నీకు తెల్వలేదా? మీ తాత చిలుము పట్టేటోడు. చిన్నప్పుడు ఆయనకు ఆకు నలిపి ఇచ్చింది నువ్వే అని మా అత్త చెప్పింది నాకు. ఆ రోజు తోటలకెళ్లి వచ్చి కాళ్లు కడుక్కోని, బువ్వ తినకుండనే పండుకుంటివి. అప్పుడే అర్థమైంది నాకు, నీకు ఎరికైందని.

తెలిసి గూడ పెంచితివి. అట్ల ఇట్ల పెంచలే! చుట్టూత బంతి చెట్లు పెట్టి, మధ్యల వాటిని దాసిపెట్టి, ఒక్కొక్క కొమ్మకు కట్టె ఊతమిచ్చి పెంచితివి. నిన్ను దాటి పోయినయ్ అవి. చెయ్యి పైకి లేపి కొస ముట్టుకుందామంటె అందకపోయె నీకు. అప్పుడు నువ్వు నవ్విన నవ్వు ఉన్నది చూడు, మన లగ్గం నాడు గూడ నవ్వలేదు గట్ల.

నీ తప్పు గూడ ఏమున్నదిలే. మన పొలం ప్లాట్ల వెంచరోళ్లకు పోయిన కాన్నుంచి ఇంకొకల జాగల గడ్డి కోసుడు, గేటు తీసుడు తప్ప నీకేమున్నది? సార్ వచ్చి నీ పక్కన మట్టిల కూసున్నడు. మంచి ప్యాంటు, అట్లనే కూసున్నడు. "హన్మంతన్నా, నువ్వెట్లంటె అట్ల" అన్నడు. నిన్ను గట్ల ఎవరడిగిన్రు ఇన్నేండ్లల్ల? ఫోన్ గూడ కొనిచ్చె. ఆ ఫోన్ మోగితే సాలు, అన్నం ముంగట ఉన్నా లేసి ఉరుకుతివి.

సాముయేలు సంగతి యాదికున్నదా? ఎందుకుండది! చేవెళ్ల రోడ్డు మీది ఫాంహౌస్‌ల కావలి ఉండె, మంచోడు, నీ తాన బీడీ అడిగేటోడు. పోలీసు జీపొచ్చింది. చెట్లు పీకిన్రు, సాముయేలును ఎక్కిచ్చుకున్రు. ఆయన సార్ ఫోన్ బంద్. ఇంతవరకు బంద్. సాముయేలు పెండ్లాం టిఫిన్ డబ్బ పట్టుకోని కోర్టు గోడ కాడ కూసుంటది. మార్కెట్‌కు పోయినప్పుడు చూసిన నేను. కొంగు కప్పుకోని పక్కకెళ్లి వచ్చిన. ఏమని పలకరియ్యాలె? మా ఇంట్ల గూడ అవే చెట్లున్నయ్ చెల్లె అనాల్నా?

ఇంటికొచ్చి నీకు చెప్పిన. ఏమంటివి? "మన సార్ గట్లాంటోడు కాదు" అంటివి. అంతే. బంతిపూలు తెంపనీకె పోతివి.

ఇగ పక్క జాగల మేడ లేసుడు షురువైంది. స్లాబు మీదికెక్కితె మన తోటంత కనవడుతది. అప్పుడు సార్‌కు ఫికరైంది. చెట్లను ఎనుకకు, బర్ల కొట్టం అవుతలికి మార్చాలె, రేపు అవసరమైతె ఇంకో దిక్కు జరపనీకె వచ్చేటట్టు కుండీలల్ల పెట్టాలె అన్నడు. అంత పెద్ద చెట్లను లేపుడా? నేనైతె కాదనుకున్న. నీ మొగం చూస్తె వెలిగిపోతున్నది!

ఆ కుండీల కోసం ఎంత లొల్లి చేసినవ్! సార్ కార్ల తెల్లటి పింగాణివి తెచ్చిండు. మూతి సన్నం, కడుపు లావు. దీంట్ల ఏరు తిరిగినంక మల్ల తియ్యాలంటె కుండీ పలగ్గొట్టుడే సార్ అంటివి. సరే అన్నా, నువ్వే చూడమన్నడాయన. బర్లు నీళ్లు తాగే సిమెంటు గోలెం ఖాళీగనే ఉన్నది గద అంటి నేను. నలుగురు పట్టినా లేవదే అది, ఎండకు కాగుతది అని నా మీదికి లేస్తివి. గోనె సంచులన్న. వానకు కుళ్లుతయ్ అంటివి. ఆఖరికి శంకర్‌పల్లి పాత సామాన్ల దుకాణంకెళ్లి నీలం డ్రమ్ములు ఆటోల ఏసుకొస్తివి.

లోపట ఏ మందు పోసిన్రో ఏమో అని తలకాయ డ్రమ్ముల పెట్టి వాసన చూస్తివి. బూడిదేసి కడుగుతివి, మల్ల వాసన చూస్తివి, మల్ల కడుగుతివి. సగానికి కోసి, కడ్డీ కాల్చి అడుగున బెజ్జాలు పెడ్తివి. ఎండకు డ్రమ్ము కాగితె ఏర్లు ఉడుకుతయని బయట సున్నం గూడ పూస్తివి! నా వంటింటికి సున్నమెయ్యమని ప్రతి పండుగకు మొత్తుకుంటున్న గదయ్యా. పొగకు నల్లగైంది గోడ. దానికి సున్నం దొరకలే నీకు.

చెట్టు లేపే నాడు నా పాత చీర చింపి, ఒక్కొక్క చెట్టుకు పొద్దు పొడిసే దిక్కు పీలిక కడితివి. ఏ మొగాన నిలబడ్డదో ఆ మొగానే మల్ల నిలబడాలె, లేకుంటె చెట్టు బెంగటిల్లుతదంటివి. చుట్టూత గడ్డపారతోని తవ్వి, మట్టి రాలకుండ తడి గోనె చుట్టి, నువ్వొక దిక్కు నేనొక దిక్కు పట్టినం. "పైలం మైసమ్మా, పైలం, పైలం" అంటున్నవ్. పేరు నాదే, గని పైలం నాకా? చెట్టుకు! నా నడుం పట్టేసి కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్, నువ్వు ఏర్లనే చూస్తున్నవ్.

అబద్ధమెందుకు, నాకు కుళ్లు పుట్టింది. చెట్టు మీద కుళ్లేందే అని నవ్వుకుంటవేమో, నవ్వుకో.

తర్వాత అవి నిలదొక్కుకున్నయ్. మొదటి రెండు దినాలు వాడినయ్, గని మల్ల ఆకులు లేపినయ్. నువ్వు సార్‌కు ఫోన్ చేసి "పట్టుకున్నయ్ సార్, పట్టుకున్నయ్" అని ఒర్లితివి. ఆయన దోస్తులతోని వచ్చి, నిన్ను కావలిచ్చుకోని, ఏమన్నడు? వచ్చే ఏడు ఎకరం మొత్తం పెడ్దామన్నా, నీ చెయ్యి బంగారం అన్నడు. నువ్వు నవ్వుకుంట సరే సార్ అంటివి. ఎకరం! నేను గేటు పక్కన చాయ కప్పులు పట్టుకోని నిలబడ్డ. నా దిక్కు ఎవరన్న చూసిన్రా? లేదు.

ఆ తర్వాతనే ఎండుడు మొదలైంది. ముందుగాల ఒకటి, ఆ ఎనుక అన్ని. నీళ్లు తక్కువైనయని పోస్తివి. ఎక్కువైనయని బెజ్జాలు పెద్దగ చేస్తివి. నీడ కోసం నా చీరలన్ని పందిరేస్తివి. పిల్లకు జెరమొచ్చినట్టు వాటి పక్కన్నే కూసోని ఆకుల మీద నీళ్లు చిలకరిచ్చినవ్. నువ్వు ఏడ్సుడు నేను చూసిన. కొట్టం సాటుకెళ్లి చూసిన. మీ అవ్వ పోయిన నాడు గూడ నువ్వు ఏడ్వలే.

సార్ వచ్చి చూసిండు. తిట్టలే. తిట్టినా మంచిగుండేది. "చెయ్యి మంచిదంటివి గదన్నా" అన్నడు. అంతే అన్నడు. చాయ గూడ తాగకుండ కారెక్కిండు. ఆ మాట నీ లోపట గుచ్చుకున్నది, ఇంక తీయరాకుండ ఉన్నది.

ఇగో, ఇటు చూడు. నా దిక్కు చూడయ్యా. నీ చెయ్యికి ఏం కాలే. పాడె మోస్తె ఏం కాలే, మంగళారానికి ఏం కాలే.

నేను పోసిన. వేన్నీళ్లు పోసిన.

నువ్వు సైకిల్ మీద పాలు పోయనీకె చేవెళ్లకు పోతవు గద, అప్పుడు. నీ తానానికని కాగుల మసిలేటివి. చెంబుతోని తీస్కపోయి చెట్టు మొదట్ల పోసిన. పైన నువ్వు పరిచిన గడ్డి పక్కకు జరిపి పోసి, మల్ల గడ్డి ఎప్పటి లెక్కనే కప్పిన. పొగలు లేసినయ్. పచ్చి వాసన, ఏదో ఉడికిన వాసన వచ్చింది, అన్నం సయించలే ఆ రోజు. తెల్లారి ఇంకోదానికి. నువ్వొచ్చి తానం చేస్తుంటె, నీళ్లు తక్కువున్నయేందే అంటివి ఒకసారి. కట్టెలు పచ్చిగున్నయి, తొందరగ కాగలేదు అని చెప్పిన.

ఏంది? గట్టిగ మాట్లాడు. ఎందుకు చెప్పలేదంటవా? చెప్తె ఏం చేసేటోనివి నువ్వు? ఫోన్ తీసి సార్‌కు చెప్పేటోనివి. పీకేద్దాం అని అడుగుదామనుకున్న, నీ మొగం చూసి అడగబుద్ధి కాలే. నువ్వు జీపుల కూసుంటె నేను డబ్బ పట్టుకోని ఆ గోడ కాడ సాముయేలు పెండ్లాం పక్కన కూసోవాల్నా? నాకు భయమైందయ్యా. పానం పోయేటంత భయమైంది. చెట్లు పోతె నాలుగు దినాలు బాధపడ్తడు, మల్ల మామూలైతడు అనుకున్న. చెయ్యినే పక్కకు పడేస్తవని నాకేమెరుక? గోపమ్మ గట్ల నారుగంప ఎత్తుకోని పోకుంటె, ఈ మాట నాతోనే మట్టిలకు పోయేది.

ఇగ చెప్పిన. లే, మొగం కడుక్కో. ఆమె ఇంక బస్టాండ్ల కూసోనే ఉంటది, శంకర్‌పల్లి బస్సు ఎప్పుడు టైముకొచ్చింది గనక. సైకిల్ తీస్తె దొరుకుతది. పోయి ఆ నారును...

ఏం ఎతుకుతున్నవ్? అంగి ఎందుకు, ఎక్కడికి?

ఫోనా.

సార్‌కా? ఏమని చెప్తవ్? నా చెయ్యి మంచిదే సార్, నా పెండ్లాం చేసిందీ పని అంటవా? ఆయనేమంటడో ఎరికేనా? రేపే రూం ఖాళీ చెయ్యమంటడు. లేకుంటె ఇంకా ఘోరం, మల్ల గింజలు తెస్తనన్నా, ఈసారి నీ పెండ్లాన్ని దగ్గరికి రానియ్యకు అంటడు. నువ్వు సరే సార్ అంటవ్. అంటవు గద? నీ సంగతి నాకు తెల్వదా?

నేనింత చెప్పిన గదయ్యా. ఒక్క మాట నన్ను అనలే నువ్వు. తిట్టలే, ఎందుకింత భయపడ్డవే అని గూడ అడగలే. ఆయన దగ్గర నీ పేరు మంచిగ కావాలె, అంతే.

చెయ్యి. నేనేం అడ్డం రాను. రింగయితున్నదా?

ఎత్తిండు గద, మాట్లాడు మరి. నా దిక్కు చూడకు, చెప్పు.